అనంతపురం ఎండలో రైజెన్ 5 5600: ఓవర్‌క్లాకింగ్‌తో వచ్చేదెంత, పోయేదెంత

ఏఎమ్‌డీ సంస్థ 2022 ఏప్రిల్‌లో విడుదల చేసిన రైజెన్ 5 5600 ప్రాసెసర్ ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. దాని తరువాత ఏఎమ్5 సాకెట్ వచ్చింది, డీడీఆర్5 ర్యామ్ వచ్చింది, మరికొన్ని తరాల ప్రాసెసర్లూ వచ్చాయి. అయినా అనంతపురం, కడప, కర్నూలు వంటి పట్టణాల్లో మధ్యస్థమైన ఖర్చుతో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలని వెళ్లినవారికి దుకాణదారులు చూపించే వాటిలో ఇది చాలాకాలంగా ఒకటిగా నిలిచి ఉంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 32 మెగాబైట్ల ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన జ్ఞాపకం), 3.5 గిగాహెర్ట్జ్ కనీస వేగం, 4.4 గిగాహెర్ట్జ్ వరకు బూస్ట్ వేగం, 65 వాట్ల టీడీపీ (కూలర్ తొలగించవలసిన వేడికి తయారీదారు చెప్పే కొలమానం) దీని ప్రధాన లక్షణాలు. పాత ఏఎమ్4 సాకెట్ బోర్డు ఉన్నవారు చాలా సందర్భాల్లో బయోస్‌ను, అంటే బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్‌ను, అప్‌డేట్ చేసుకుని అదే బోర్డులో దీన్ని బిగించుకోగలగడం మరో సౌకర్యం. ఇందులో గ్రాఫిక్స్ లేదు కనుక విడిగా గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. ఈ సంగతి దుకాణంలో ముందే చెప్పరు, బిల్లు వేసే సమయానికి చెబుతారు.

ఈ ప్రాసెసర్ మల్టిప్లయర్‌కు, అంటే వేగాన్ని నిర్ణయించే గుణకానికి, తాళం లేదు. అంటే కొన్నవారు కావాలనుకుంటే తయారీదారు నిర్ణయించిన వేగం కన్నా ఎక్కువ వేగంతో దీన్ని నడిపించవచ్చు. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. అనంతపురంలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే మా స్టూడియోలో ఈ ప్రాసెసర్‌ను చలికాలంలోనూ, నడివేసవిలోనూ, ఓవర్‌క్లాక్ చేసి, చేయకుండా, కొంత వెనక్కి తగ్గించి కూడా నడిపి చూసిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. ప్రాసెసర్ మంచిదా కాదా అన్న ప్రశ్నకు సమాధానం అందరికీ తెలిసినదే, మంచిదే. నా పరిశీలన అంతా రెండో ప్రశ్న మీద: దీన్ని మన ఊళ్లలో ఓవర్‌క్లాక్ చేయడం లాభమా, నష్టమా?

ముందు లాభం సంగతి చూద్దాం. ఓవర్‌క్లాకింగ్‌కు ఉన్న కీర్తి చాలావరకు పాత రోజుల నుంచి వచ్చింది. 1998లో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌ను బస్ వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే, 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. యాభై శాతం వేగం ఉచితంగా దొరికినట్టే. ఆ రోజుల్లో తయారీదారులు ప్రాసెసర్లో చాలా వెసులుబాటు వదిలిపెట్టి అమ్మేవారు కనుక అది సాధ్యమైంది. ఇప్పటి ప్రాసెసర్ ఆ వెసులుబాటును తనకు తానే వాడుకుంటుంది. ఉష్ణోగ్రత, కరెంటు, విద్యుత్ వినియోగం ఎంత ఉన్నాయో క్షణక్షణం కొలుచుకుంటూ, అనుమతించిన హద్దుల్లో ఎంత పైకి వెళ్లగలదో అంత పైకి బూస్ట్ చేసుకుంటుంది. రైజెన్ 5 5600 సాకెట్ నుంచి తీసుకోగల విద్యుత్తుకు తయారీదారు పెట్టిన హద్దు 76 వాట్లు. ఆ హద్దులోనే అది ఆరు కోర్లనూ నాలుగు గిగాహెర్ట్జ్ పైచిలుకు వేగంతో నడుపుతుంది. కనుక మనకు మిగిలేది అడుగున ఉన్న కొద్దిపాటి తడి మాత్రమే. బోరు వేయించిన రైతుకు ఈ లెక్క వివరించనక్కరలేదు: లోతుకు పోయేకొద్దీ అడుగుకు అయ్యే ఖర్చు పెరుగుతుంది, దొరికే నీరు తగ్గుతుంది.

ఆ ఖర్చు ఎంతో అంకెల్లో చూపవచ్చు. చిప్‌లో ఖర్చయ్యే విద్యుత్తు దాని వేగానికి నేరుగా, వోల్టేజీకి వర్గం చొప్పున పెరుగుతుంది. ఉదాహరణకు అన్ని కోర్ల వేగాన్ని 4.3 నుంచి 4.6 గిగాహెర్ట్జ్‌కు పెంచాలని, అందుకోసం వోల్టేజీని 1.15 నుంచి 1.30కి తీసుకువెళ్లాలని అనుకుందాం. వేగం పెరిగినది ఏడు శాతం. విద్యుత్తు పెరిగినది దాదాపు ముప్ఫై ఏడు శాతం, అంటే 76 వాట్ల ప్రాసెసర్ 104 వాట్లు తీసుకుంటుంది. ఆ విద్యుత్తు అంతా చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. కరెంటు బిల్లు భయపెట్టేంత పెరగదు. రోజుకు ఎనిమిది గంటలు పూర్తి భారంతో నడిపినా నెలకు ఏడు యూనిట్లకు మించదు. చిక్కు బిల్లులో లేదు, వేడిలో ఉంది.

ఇక్కడే ఊరి ప్రసక్తి వస్తుంది. ఓవర్‌క్లాకింగ్ గురించి యూట్యూబ్‌లో మనం చూసే పరీక్షల్లో ఎక్కువభాగం 21 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండే ఏసీ గదుల్లో చేసినవి. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం. కర్నూలులో, కడపలో అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. మేడ మీద రేకులో, స్లాబో ఉన్న గదిలో మధ్యాహ్నం 38 డిగ్రీలు ఉండటం ఇక్కడ ఎవరికీ వింత కాదు. కూలర్ చేసే పని ప్రాసెసర్ వేడిని గది గాలికి అందించడమే తప్ప గది గాలి కన్నా దాన్ని చల్లబరచడం కాదు. కాబట్టి గది 24 నుంచి 38 డిగ్రీలకు పెరిగితే, అదే పని చేస్తున్న ప్రాసెసర్ ఉష్ణోగ్రత కూడా సుమారు పద్నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. రైజెన్ 5 5600కు అనుమతించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీలు. బెంగళూరులో కూర్చున్న సమీక్షకుడికి 75 డిగ్రీలు చూపించి భేషుగ్గా ఉందనిపించిన అమరిక, రెండు వందల కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న మన గదిలో హద్దును తాకి వెనక్కి తగ్గుతుంది. హద్దును తాకగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కాబట్టి, ఎంతో శ్రమపడి పెంచిన వేగం సరిగ్గా పని ఎక్కువ ఉన్న వేళకు కనిపించకుండా పోతుంది.

మా వృత్తిలో దీనికి ఇంకో మెలిక ఉంది. మాఘ, ఫాల్గుణాల్లో మొదలయ్యే పెళ్లిళ్లు వైశాఖ, జ్యేష్ఠాల్లో ముమ్మరమవుతాయి. అంటే ఎండ ముదిరిన రోజుల్లోనే ఎడిటింగ్ పని కూడా ముదురుతుంది. కంప్యూటర్‌కు విశ్రాంతి ఉండే కాలం చల్లగా ఉంటుంది, విశ్రాంతి లేని కాలం వేడిగా ఉంటుంది. డిసెంబరులో పరీక్షించి, బాగుందని వదిలేసిన ఓవర్‌క్లాక్‌కు అసలు పరీక్ష మే నెలలో జరుగుతుంది. అప్పటికి మన చేతిలో పెళ్లివారికి మాట ఇచ్చిన తేదీ ఉంటుంది.

పరీక్షించిన అమరికల విషయానికి వస్తాను. ప్రాసెసర్ డబ్బాలో వచ్చే రెయిత్ స్టెల్త్ కూలర్ 65 వాట్ల సాధారణ వాడకానికి తయారుచేసిన చిన్న కూలర్. దానితో ఓవర్‌క్లాకింగ్ చేయాలనుకోవడం దాని తయారీ ఉద్దేశానికే విరుద్ధం. కనుక అన్ని పరీక్షలకూ 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, నాలుగు రాగి హీట్‌పైపులు ఉన్న డీప్‌కూల్ ఏజీ400 టవర్ కూలర్‌ను వాడాను. దీని ధర రెండు వేల రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. బోర్డు బీ550 చిప్‌సెట్ ఉన్నది. ఏ520, ఏ320 చిప్‌సెట్లు ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కు ఉద్దేశించినవి కావు. బీ450, బీ550, ఎక్స్570 వంటివి అనుమతిస్తాయి. అనుమతించినంత మాత్రాన ప్రతి బోర్డూ తట్టుకుంటుందని కాదు. ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్ఎమ్ భాగం మీద అల్యూమినియం హీట్‌సింక్ లేని చౌక బోర్డులు మన దుకాణాల్లో విరివిగా అమ్ముడవుతాయి. ఎండాకాలంలో వాటిచేత వంద వాట్లు మోయించడం ప్రాసెసర్ కన్నా ముందు బోర్డుకు చేటు.

మార్పులేమీ చేయకుండా, టవర్ కూలర్‌తో, సినీబెంచ్ ఆర్23 పరీక్షలో అన్ని కోర్లూ కలిపి వచ్చిన అంకె పదకొండు వేల దగ్గర ఉంది. చలికాలంలో ఉష్ణోగ్రత అరవైల్లో, మే మధ్యాహ్నం ఎనభైకి కొంచెం దిగువన నిలిచింది. ఫ్యాన్ శబ్దం పెరిగిందే తప్ప వేగం తగ్గలేదు. ప్రాసెసర్ ధర మీద ఇంకో రెండు వేలు పెట్టగలిగినవారికి ఈ కూలర్ ఒక్కటే చాలునని నాకు ఇక్కడే అనిపించింది, కానీ సమీక్ష అక్కడితో ఆగితే న్యాయం కాదు.

రెండోది, అన్ని కోర్లనూ ఒకే వేగానికి కట్టివేసే పాత పద్ధతి. 4.6 గిగాహెర్ట్జ్, 1.3 వోల్టుల దగ్గర సినీబెంచ్ అంకె ఆరేడు శాతం పెరిగింది. చలికాలంలో ఉష్ణోగ్రత ఎనభై దగ్గర ఉండి సవ్యంగానే నడిచింది. అదే అమరిక మే నెలలో తొంభై డిగ్రీల హద్దును తాకింది, పొడవైన రెండర్ మధ్యలో కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. ఈ పద్ధతిలో మరో లోపం కూడా ఉంది: ఖాళీగా ఉన్నప్పుడు సైతం ప్రాసెసర్ పెంచిన వోల్టేజీతోనే నడుస్తుంది కాబట్టి, పని లేని గంటల్లో కూడా అనవసరంగా వేడెక్కుతుంది. నా మాట అడిగితే ఈ ప్రాసెసర్‌కు ఈ పద్ధతి ఇక్కడి వాతావరణంలో పనికిరాదు.

మూడోది ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, సంక్షిప్తంగా పీబీఓ. ఇందులో ప్రాసెసర్ తన తెలివిని కోల్పోదు. విద్యుత్ హద్దును మాత్రం మనం పెంచుతాం, కావాలంటే గరిష్ఠ వేగానికి 200 మెగాహెర్ట్జ్ వరకు అదనంగా చేరుస్తాం. అంటే ఒక కోర్ మీద పని పడినప్పుడు 4.6 గిగాహెర్ట్జ్ వరకు వెళ్లవచ్చు. లాభం రెండో పద్ధతికి దగ్గరగా ఉంది, వేడి కూడా దగ్గరగానే ఉంది, అయితే హద్దు తాకినప్పుడు నెమ్మదిగా వెనక్కి తగ్గుతుందే తప్ప మొరాయించదు. వేసవిలో ఆ అదనపు వేగం దాదాపు పూర్తిగా కరిగిపోయింది.

నాలుగోది నాకు నిజంగా నచ్చినది. పీబీఓ పరిధిలోనే కర్వ్ ఆప్టిమైజర్ అనే అమరిక ఉంది. దీనిలో విద్యుత్ హద్దును 76 వాట్ల దగ్గరే ఉంచి, ప్రతి వేగం దగ్గరా ప్రాసెసర్ తీసుకునే వోల్టేజీని కొంచెం తగ్గిస్తాం. మైనస్ ముప్ఫై వరకు తగ్గించే వీలుంది. ఒక్కో మెట్టుకు సుమారు మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు తగ్గుతుంది. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, మిగిలిన విద్యుత్తును ప్రాసెసర్ తనంతట తానే వేగంగా మార్చుకుంటుంది. వేడి పెంచకుండా మూడు నాలుగు శాతం లాభం రావడం ఇక్కడ మాత్రమే చూశాను. మన ఎండలకు తగిన ఓవర్‌క్లాకింగ్ ఏదైనా ఉందంటే అది వోల్టేజీ పెంచేది కాదు, తగ్గించేది.

అయితే దీనికీ ఒక ప్రమాదం ఉంది, అది కనబడకుండా ఉంటుంది. కర్వ్ ఆప్టిమైజర్‌ను మరీ దిగువకు నెడితే, కంప్యూటర్ భారీ పని చేస్తున్నప్పుడు పడిపోదు. ఖాళీగా ఉండి ఉన్నట్టుండి ఒక కోర్ పైకి లేచినప్పుడు పడిపోతుంది. సినీబెంచ్ పది నిమిషాలు నడిచిందని మురిసిపోయినవారికి, మరుసటి రోజు బ్రౌజర్ తెరుస్తుండగా తెర నల్లబడుతుంది. అందుకే ఒక్కో కోర్‌ను విడిగా పరీక్షించే కోర్‌సైక్లర్ వంటి ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా (హార్డ్‌వేర్) లోపాలు నమోదయ్యాయేమో చూడాలి. ఒకే పేరున్న రెండు ప్రాసెసర్లలో ఒకటి మైనస్ ముప్ఫైకి నిలిస్తే మరొకటి మైనస్ పదికే మొరాయించవచ్చు. ఒకరి అంకెలు మరొకరు నకలు చేసుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

ర్యామ్ గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో అసెంబుల్ చేసిన కంప్యూటర్లలో అసలు లాభం చాలాసార్లు అక్కడే వృథా అవుతోంది. 3200 లేదా 3600 అని డబ్బా మీద రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్, బయోస్‌లో ఎక్స్ఎంపీ అమరికను ఆన్ చేయకపోతే 2133, 2400, 2666 వంటి తక్కువ వేగాలతోనే నడుస్తుంది. డబ్బు ఇచ్చి కొన్న వేగాన్ని ఏళ్ల తరబడి వాడకుండా ఉన్న కంప్యూటర్లు నేను చాలా చూశాను. ఈ ప్రాసెసర్‌కు ఏఎమ్‌డీ అధికారికంగా చెప్పిన ర్యామ్ వేగం 3200. 3600 వరకు వెళితే కోర్లను ర్యామ్‌తో కలిపే లోపలి దారి ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ 1800 మెగాహెర్ట్జ్‌తో దానికి సరిజోడుగా నడుస్తుంది; ఎక్కువ ప్రాసెసర్లు దీన్ని ఇబ్బంది లేకుండా తట్టుకుంటాయి. ఒకే ర్యామ్ స్టిక్‌కు బదులు రెండు స్టిక్‌లు వేయించుకుని, ఎక్స్ఎంపీ ఆన్ చేయించుకుంటే వచ్చే తేడా, పైన చెప్పిన ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ తేడా కన్నా గేముల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ ఐదారు శాతం నిజమైన పనిలో ఎంత? ప్రాసెసర్ మీదనే పూర్తిగా ఆధారపడే రెండర్ గంట పడుతుందనుకుంటే, అయిదు శాతం లాభంతో యాభై ఏడు నిమిషాల్లో అవుతుంది. మూడు నిమిషాలు. బ్లెండర్‌లో ప్రాసెసర్‌తో రెండర్ చేసేవారికి, హ్యాండ్‌బ్రేక్‌లో ఎక్స్265 పద్ధతిలో వీడియో కుదించేవారికి ఈ మాత్రమైనా దక్కుతుంది. మా వంటివారి ఎడిటింగ్‌లో తుది ఎక్స్‌పోర్ట్‌ను గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌కోడర్ చేస్తుంది కనుక, ప్రాసెసర్ వేగం పెంచినందువల్ల గడియారంలో తేడా కనబడదు. గేముల్లో కూడా మధ్యస్థమైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు అడ్డుపడేది ఆ కార్డే తప్ప ప్రాసెసర్ కాదు. వేగం అంకె పెంచడమే అన్నీ కాదనడానికి మరో రుజువు ఏఎమ్‌డీ దగ్గరే ఉంది. రైజెన్ 5 5600 వచ్చిన నెలలోనే ఆ సంస్థ రైజెన్ 7 5800ఎక్స్3డీని విడుదల చేసింది. దాని మల్టిప్లయర్‌కు తాళం వేసి ఉంది, బూస్ట్ వేగం తన సోదర ప్రాసెసర్ 5800ఎక్స్ కన్నా తక్కువ, అయినా 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ వల్ల గేముల్లో దాన్ని మించిపోయింది. గిగాహెర్ట్జ్ అంకె ఒక్కటే వేగం కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కరలేదు.

నష్టాల సంగతికి వస్తే, ప్రాసెసర్ కాలిపోతుందన్న భయం అందరూ చెప్పేదే, కానీ అది అంత సులభంగా జరగదు. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ కాకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. భయపడవలసినది వోల్టేజీకి. ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి కలిసి చిప్ లోపలి అతి సన్నని లోహపు తీగల్లో అణువులను మెల్లగా కదిలించివేస్తాయి. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ అదే వేగానికి ఇంకొంచెం వోల్టేజీ కావలసివస్తుంది, తరువాత అదీ చాలదు. వోల్టేజీ తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఓవర్‌క్లాకింగ్ చేసినవారి అనుభవాలే అక్కరలేదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, ఎవరూ ఓవర్‌క్లాక్ చేయకుండానే, అవసరానికి మించిన వోల్టేజీ వల్ల క్రమంగా అస్థిరమయ్యాయి. 2024లో ఆ సంస్థ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు విడుదల చేసి, వాటి వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని దెబ్బతిన్నప్పుడు, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎస్ఓసీ (ర్యామ్ నియంత్రణ వంటివి ఉండే ప్రాసెసర్ భాగం) వోల్టేజీకి 1.3 వోల్టుల హద్దు విధించింది. కనుక 1.3, 1.35 అని బయోస్‌లో అంకె మార్చడం చిన్న పనిలా కనిపించినా, దాని ఫలితం చిన్నది కాకపోవచ్చు.

వారంటీ మరో లెక్క. డబ్బాతో కొన్న రైజెన్ ప్రాసెసర్‌కు మూడేళ్ల వారంటీ ఉంటుంది. ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగిన నష్టం, తమ సొంత సాఫ్ట్‌వేర్‌తో చేసినా సరే, దాని కిందికి రాదని ఏఎమ్‌డీ స్పష్టంగానే చెబుతుంది. పీబీఓ కూడా ఇందులో భాగమే. మరి మన మార్కెట్లో డబ్బా లేకుండా ట్రే ప్రాసెసర్లు కూడా కాస్త చౌకగా దొరుకుతాయి. వాటికి దుకాణం ఇచ్చే మాటే వారంటీ. అటువంటి ప్రాసెసర్ మీద ప్రయోగాలు చేసేవారు బిల్లు మీద ఏం రాసి ఉందో ఒకసారి చదువుకోవడం మేలు.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం వేరే ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. ప్రాసెసర్ చెడిపోతే పది వేలు ఖర్చు పెట్టి ఇంకోటి తెచ్చుకోవచ్చు. హద్దు మీద నడిచే ర్యామ్, హద్దు మీద నడిచే కోర్, చప్పుడు లేకుండా లెక్క తప్పితే? కంప్యూటర్ ఆగదు, తెర మీద ఏ హెచ్చరికా రాదు. కెమెరా కార్డు నుంచి హార్డ్‌డిస్క్‌కు కాపీ అవుతున్న ఫైల్‌లో నాలుగు బైట్లు మారిపోతాయి. కార్డును ఫార్మాట్ చేసి మరుసటి పెళ్లికి పంపిస్తారు. పది రోజుల తరువాత తలంబ్రాల క్లిప్ తెరిస్తే మధ్యలో పచ్చని గళ్లు కనబడతాయి. తాళి మళ్లీ కట్టించలేం. ఇంట్లో గేములు ఆడుకునే కుర్రవాడికి ర్యామ్ లోపం అంటే ఒక ఆట ఆగిపోవడం. ఇతరుల జ్ఞాపకాలు దాచిపెట్టే వృత్తిలో ఉన్నవారికి అది నష్టపరిహారం లేని నష్టం. ర్యామ్ వేగం మార్చిన ప్రతిసారీ మెమ్‌టెస్ట్86ను ఒక రాత్రంతా నడిపి, ఒక్క లోపం వచ్చినా వెనక్కి తగ్గాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. మేలో ఈ పరీక్షను మళ్లీ చేయాలి. ర్యామ్‌కూ వేడి పడదు.

దీనికి తోడు ఊళ్లో కరెంటు సంగతి ఉంది. సాయంత్రం వేళ వోల్టేజీ పడిపోవడం, గాలివానకు సరఫరా పోవడం మనకు తెలిసినవే. కంప్యూటర్ హఠాత్తుగా రీస్టార్ట్ అయినప్పుడు, ఓవర్‌క్లాక్ చేయని యంత్రమైతే యూపీఎస్‌నో ఎస్ఎమ్‌పీఎస్‌నో (కేబినెట్ లోపలి పవర్ సప్లై) అనుమానించి సరిచూసుకోవచ్చు. ఓవర్‌క్లాక్ చేసిన యంత్రంలో తప్పు ఎవరిదో తేల్చడమే పెద్ద పని అవుతుంది. మన దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిపి ఇప్పటికే అంచున ఉన్న చోట ప్రాసెసర్ ఇంకో ముప్ఫై వాట్లు అడిగితే, కరెంటు పోయిన క్షణంలో ఫైల్ సేవ్ చేసుకునే వ్యవధి కూడా మిగలకపోవచ్చు.

దుమ్ము గురించి రెండు మాటలు. ఆషాఢంలో వీచే గాలికి తలుపులు మూసినా దుమ్ము ఆగదు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు రాళ్ల పాలిషింగ్ యూనిట్ల పక్కన ఇళ్లున్నవారికి ఏడాది పొడవునా ఇదే పరిస్థితి. వేసవిలో వాడే ఎయిర్ కూలర్‌ను కేబినెట్‌కు ఎదురుగా పెడితే చల్లగా ఉంటుందని కొందరు అనుకుంటారు. ఆ తేమకు దుమ్ము కూలర్ రేకుల మధ్య అంటుకుని, కొన్ని వారాల్లోనే గాలి దారిని మూసేస్తుంది. ముందువైపు అద్దం మూసి, లోపల రంగురంగుల దీపాలు పెట్టిన కేబినెట్లు ఈమధ్య బాగా అమ్ముడవుతున్నాయి. అవి చూడటానికి బాగుంటాయి, గాలికి మాత్రం దారి ఉండదు. జాలీ ముందుభాగం ఉన్న సాదా కేబినెట్ కొని, రెండు నెలలకొకసారి బ్లోయర్‌తో శుభ్రం చేయించుకుంటే, పీబీఓ ఇచ్చేంత లాభం అక్కడే దొరుకుతుంది.

కొన్ని దుకాణాలు కొత్త కంప్యూటర్‌తో పాటు కొంత అదనపు రుసుముకు ఓవర్‌క్లాక్ చేసి ఇస్తామంటున్నాయి. నేను గమనించినంతలో అది బయోస్‌లో ఒక తయారు అమరికను ఎంచుకుని, పది నిమిషాలు బెంచ్‌మార్క్ నడిపి, అంకెను ఫోనులో ఫొటో తీసి చూపించడంతో ముగుస్తుంది. ఆ సేవ తీసుకునేవారు కనీసం మూడు విషయాలు అడగాలి: వోల్టేజీ ఎంత పెట్టారు, మెమ్‌టెస్ట్ ఎంతసేపు నడిపారు, రేపు రీస్టార్ట్ అయితే వారంటీ బాధ్యత ఎవరిది? మూడింటికీ జవాబు రాకపోతే ఆ డబ్బుతో మంచి థర్మల్ పేస్ట్, ఇంకో కేబినెట్ ఫ్యాన్ కొనుక్కోవడం నయం. ఎక్స్ఎంపీ ఆన్ చేయడానికి మాత్రం ఎవరికీ రుసుము ఇవ్వనక్కరలేదు. కంప్యూటర్ ఇచ్చే ముందే అడిగి చేయించుకోవచ్చు.

ఇప్పుడు మా స్టూడియోలో ఈ ప్రాసెసర్ రెండు అమరికలతో నడుస్తోంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు కర్వ్ ఆప్టిమైజర్ మైనస్ పదిహేను, విద్యుత్ హద్దు 76 వాట్లు, ర్యామ్ 3200. మార్చి నుంచి ఎకో మోడ్, అంటే విద్యుత్ హద్దు 61 వాట్లు. దీనివల్ల అన్ని కోర్లూ వాడే పనుల్లో నాలుగైదు శాతం తగ్గుదల ఉన్నా, మే మధ్యాహ్నంలో ఉష్ణోగ్రత డెబ్బై దగ్గర ఆగుతుంది, ఫ్యాన్ రొద తగ్గి పక్కనే ఆడియో మిక్స్ చేసుకునేవారికి చెవులకు హాయిగా ఉంటుంది. బయోస్‌లో ఈ రెండూ వేర్వేరు ప్రొఫైళ్లుగా దాచుకుంటే మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఓవర్‌క్లాకింగ్ నేర్చుకోవాలన్న ఆసక్తితో చేసేవారిని నేను నిరుత్సాహపరచను. జేఎన్‌టీయూలోనో, మరో కళాశాలలోనో కంప్యూటర్ చదివే విద్యార్థికి వోల్టేజీకి, వేగానికి, వేడికి ఉన్న సంబంధాన్ని ఇంత ప్రత్యక్షంగా చూపించే ప్రయోగశాల మరొకటి లేదు. పాత బీ450 బోర్డు, సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్, అందులో విలువైన ఫైళ్లేమీ లేని ఒక డిస్క్ ఉంటే చాలు. బోర్డు బూట్ కాకుండా మొండికేస్తే బోర్డు మీద బయోస్ అమరికలను చెరిపే సీమోస్ జంపర్‌ను కలపడమో, సీఆర్2032 బ్యాటరీని కొంతసేపు తీసి పెట్టడమో చేస్తే మొదటి స్థితికి వస్తుంది. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు మాత్రం ఆ ప్రాసెసర్‌ను మునుపటి యజమాని ఎంత వోల్టేజీతో ఎన్నాళ్లు నడిపాడో తెలుసుకునే మార్గం లేదు కాబట్టి, డబ్బు చెల్లించే ముందు అమ్మకందారు ఎదుటే, ఫ్యాక్టరీ అమరికల మీద, ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసి చూసే ఓసీసీటీ పరీక్షను అరగంటైనా నడిపి చూడాలి. వీలైతే ఆ పని మధ్యాహ్నం పూట పెట్టుకోవాలి.